రాజుగారి అతిథులకు ఈగల విందు

ఒకానొక రాజ్యాన్ని రణధీరుడనే రాజు ఏలేవాడు. యుద్ధమన్నది ఎరగడు గాని, మీసానికి మాత్రం రెండుపూటలా నెయ్యి పట్టించేవాడు.

ఆయనకు పిట్టల పాట మీద మోజు పుట్టింది. ఈగల్ని గాలిలోనే ఎగిరి పట్టుకు తినే పిడికెడంత పిట్టల్ని నాలుగింటిని సభలో బంగారు పంజరంలో పెట్టించాడు. "ఇవి మా అతిథులు. ఒక్కటి చచ్చినా కాపలావాడి తల ఎగిరిపోతుంది" అన్నాడు. గిన్నెలో బాదంపప్పు పోశారు. అవి ముట్టలేదు. ఒకటి చచ్చింది. కాపలా పోతడి తల కోట గుమ్మానికెక్కింది. వాడి తమ్ముడు పోలడిని ఆ పనిలోనే పెట్టారు.

పోలడు విదూషకుడు అప్పళయ్య కాళ్ళు పట్టుకున్నాడు. "అయ్యా, మిగిలిన మూడూ పాట మానేసినయి. మా అమ్మకిక నేనొక్కణ్ణే."

అప్పళయ్య సిగ్గుపడ్డాడు. పోతడి తల కిందనుంచే రోజూ కొలువుకు పోతున్నాడు, ఒక్కనాడూ నోరెత్తలేదు.

మర్నాడు సభలో అడిగాడు. "మహారాజా, అతిథికి ఇష్టమైన భోజనం పెట్టవద్దూ?"

"పెట్టాలి! మా కళ్ళెదుటే పెట్టు. దానికి అడ్డొచ్చినవాడి తల తీయిస్తాను."

అప్పళయ్య కుళ్ళిన చేపల గంపలు తెప్పించి సింహాసనం చుట్టూ పేర్పించాడు. గడియలో సభంతా ఈగలు. నేతిమీసానికి మరీ ముసిరాయి. వింజామరల వాళ్ళు చేతులు కట్టుకు నిలబడ్డారు.

"తోలండ్రా!" అని అరిచాడు రాజు. నోట్లోకి ఒకటి పోయింది.

"అతిథుల అన్నం, ప్రభూ. తోలితే తల పోతుందని తమరే సెలవిచ్చారు" అన్నాడు అప్పళయ్య.

"అయితే ఈ ఈగల్ని పిట్టల్నే తినమను!"

"పంజరంలో ఎగిరే చోటేదీ?"

"తలుపు తియ్యి!"

పోలడు తీశాడు. పిట్టలు టపటపా ఈగల్ని పట్టాయి. ఒకటి రాజుగారి ముక్కు ముందరి ఈగనే ఎగరేసుకుపోయింది. కడుపు నిండాక మూడూ కిటికీలోంచి వెళ్ళిపోయాయి.

రాజు పొట్ట పట్టుకు నవ్వాడు. ఆయన నవ్వాడని సభా నవ్వింది. "గెలిచావోయ్! పోలడికి భయం లేదు. నీకేం కావాలో కోరుకో!"

అప్పళయ్య ఒక్కడే నవ్వలేదు.

"కోట గుమ్మం మీది పోతడి తల ఇప్పించండి. తల్లీ తమ్ముడూ దహనం చేసుకుంటారు. అక్కడా ఈగలే ముసురుతున్నాయి మహారాజా, తోలేవాళ్ళు లేరు."

రాజు నవ్వు ఆగిపోయింది. తలూపాడు.

పోలడు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఆ మూడు పిట్టలూ అప్పటికే అక్కడున్నాయి, వాడి అన్న మొహం చుట్టూ ఈగల్ని పడుతూ.