కోడికూత మీద సుంకం

చిత్రవరం రాజ్యంలో పాఠశాల పిల్లలు ఏటా రాజుగారి ఎదుట పాటల ఆట ఆడేవారు. లోకం తీరు మీదా, ఏలుబడి మీదా పాటలు ఏరుకునేవారు. ఫలానా పాట పాడమనో వద్దనో ఎవరైనా కోరితే, కోరినవారి పేరు సభలో చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడు ఒక పాట కోడికే కాదు, దాని కూతకి కూడా సుంకం వేసే అధికారి మీద. సంగతి తెలిసి సుంకాధికారి భైరవయ్య సాధన జరిగేచోట ఊడిపడ్డాడు.

"ఆ పాట తీసెయ్యండి. లేదా పాఠశాలకి తాళం పడుతుంది," అన్నాడు.

పాటలు నేర్పే పోలమ్మ తలూపింది. "అలాగే బాబయ్యా. కోడికూత పాట వద్దని కోరినవారు భైరవయ్యగారు అని సభలో చెప్పేస్తాం."

భైరవయ్య తికమకపడ్డాడు. పాటలో తన పేరు లేదు. తీయిస్తే మాత్రం సభలో వినబడుతుంది.

"నా పేరు చెప్పకండి."

"సరే. పేరు చెప్పొద్దన్న అధికారి కోరారని చెబుతాం. ఎవరా అధికారి అని రాజుగారు అడిగితే?"

"అయితే పాడి చావండి."

"పాడమని కోరినవారు భైరవయ్యగారు..."

ఆయనకి తల తిరిగింది. "నేనేమీ కోరలేదు. అసలు నేనిక్కడికి రానేలేదు."

"అలాగే బాబయ్యా. రాని మనిషి మాట మీద పాట ఎలా తీస్తాం?" అంటూ పోలమ్మ పాట సాగించడానికి తాళాలు అందుకుంది.

ఆటనాడు ఆ పాటకి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది భైరవయ్యే. కొట్టకపోతే అందరూ తనవైపే చూస్తారని ఆయన భయం. కొట్టినా చూశారు.