ఈరమ్మ వైద్యశాలలో గుమస్తా కొలువు

ఇప్పలోయలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా నేరుగా ఎలుగుబంటి ఈరమ్మ గుహకే పోయేవారు. ఆమెకు తెలియని వేరు లేదు, ఆమె కట్టు కడితే అతకని ఎముక లేదు. హస్తవాసి మంచిదే, జ్ఞాపకమే చిల్లుకుండ. ముసురు పట్టి లోయంతా జ్వరాలు కమ్మిన ఏడు, అడవిపంది కోసం కలిపిన విరేచనాల మందు తెచ్చి, జ్వరంతో పడున్న కుందేలుకి తాగించింది. కుందేలు రెండు రోజులు చావుబతుకుల మధ్య కొట్టుకుంది. మూడోనాడు చెవులు ఆడించేదాకా ఈరమ్మ దాని పక్క నుంచి లేవలేదు.

లేవగానే కాకిని పిలిచి చాటింపు వేయించింది.

“ఈరమ్మ వైద్యశాలకు గుమస్తా కావాలహో! ఎవరికి ఏ జబ్బో, ఏ మందు ఇచ్చిందో తాటాకుల మీద రాసిపెట్టాలి. అక్షరం ముక్క వచ్చినవాళ్ళు రావచ్చహో!”

ఇద్దరు వచ్చారు. ఒకడు నక్క జంబయ్య, ఇంకొకడు ఏదుపంది గంగులు. ఇద్దరూ కొండ అవతల తాబేలు వైద్యుడి దగ్గర ఆకులు రాసినవాళ్ళే. తాబేలు ముసలితనంతో వైద్యం మానుకోవడంతో కొలువు పోయి తిరుగుతున్నారు.

“ముందు నువ్వు చెప్పు జంబయ్యా. అక్కడి రోగుల సంగతులు నీకేమైనా గుర్తున్నాయా?” అని అడిగింది ఈరమ్మ.

“గుర్తులేకేం తల్లీ!” జంబయ్య తోక చుట్టుకుని కూర్చున్నాడు. “మనుబోతుకి మూలశంక. పైకి దర్జాగా తిరుగుతాడు గానీ కూర్చోవాలంటే కన్నీళ్ళే. నెమలికి ఈకల సందున గజ్జి, అందుకే మబ్బు పట్టినా పురి విప్పదు. కొండగొర్రె పెద్దకోడలికి రెండు కాన్పులు నిలవలేదు. ఇంకా చెప్పమంటే సాయంత్రం దాకా చెబుతాను.”

నెమలి మాట వినేసరికి ఈరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “ఎంత జ్ఞాపకమయ్యా నీది!” అని గంగులు వైపు తిరిగింది. “మరి నీకో?”

“అన్నీ గుర్తే.”

“అయితే ఒకటి చెప్పు.”

“అది వాళ్ళ సంగతి.”

“నేనూ వైద్యురాలినే కదయ్యా, నాకు చెబితే ఏం పోయింది?”

“వాళ్ళు నీ దగ్గరికొస్తే వాళ్ళే చెప్పుకుంటారు ఈరమ్మక్కా. నేను చెప్పకూడదు.” గంగులు వీపు మీద ముళ్ళు గలగలమని లేచాయి.

గుర్తులేక ముళ్ళు చూపిస్తున్నాడనుకుంది ఈరమ్మ. పైగా ఆ ముఖంలో చిరునవ్వు లేదు, ఆ నోట్లో తీపి లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఇలాంటివాణ్ణి గుమ్మంలో కూర్చోబెడితే వచ్చిన రోగం భయపడి పోతుందేమో గానీ రోగి కూడా పోతాడు. “పోయిరావయ్యా” అంది. గంగులు వెళ్ళిపోయాడు.

జంబయ్య వచ్చాక వైద్యశాల రూపే మారిపోయింది. జింకల ఆకులు ఒక కట్ట, పందుల ఆకులు ఒక కట్ట. ఈరమ్మ చెయ్యి చాపితే చాలు, కావలసిన ఆకు చేతిలో పడేది. ఎవరు వచ్చినా “రండి, కూర్చోండి” అని ఎదురెళ్ళేవాడు. జబ్బు ఒక్కటే కాదు, పడుకునే పొద ఎక్కడ, నీళ్ళకు ఏ వేళకు పోతారు, వెంట ఎవరుంటారు, అన్నీ రాసుకునేవాడు.

“అవన్నీ ఎందుకయ్యా?” అని ఒకసారి అడిగింది ఈరమ్మ.

“లేవలేని రోగికి మందు పంపాలంటే ఎక్కడుందో తెలియొద్దా తల్లీ?”

ఈరమ్మ మురిసిపోయింది.

పది రోజులు తిరక్కుండా చిరుత కుందేలుని పట్టుకుపోయింది. ఈరమ్మ రెండు రోజులు ఒళ్ళో పెట్టుకుని బతికించుకున్న ఆ కుందేలునే. ఇంకా పరుగెత్తే సత్తువ రాలేదని చెప్పుకుని, అది ముందురోజే బలం మందు తీసుకుపోయింది. ఈరమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. మరో వారానికి, జ్వరంతో లేవలేని జింకపిల్ల పోయింది. తల్లి నీళ్ళకు వెళ్ళిన ఆ కాసేపట్లోనే చిరుత వచ్చింది.

“చిరుత అన్నాక తినక మానుతుందా తల్లీ” అని జంబయ్య నిట్టూర్చాడు. ఈమధ్య వాడికి ఒళ్ళు కాస్త నున్నబడింది. ఆ సంగతి ఈరమ్మ చూసింది గానీ, చూసినట్టు తనకే తెలియలేదు.

ఆ తర్వాత కణుజుల పెద్ద కొమ్మయ్య చిరుత చేతిలో దెబ్బ తిన్నాడు. చావు తప్పించుకుని వాగు ఒడ్డున పడి ఉన్నాడని కాకి చెబితే, ఈరమ్మ దొన్నెలో పసరు పట్టుకుని పరుగెత్తింది. మెడ కింద నాలుగు గోళ్ళ గాట్లు, నెత్తురు ఇంకా ఆగలేదు.

“కొమ్మయ్యా, పాతికడుగుల అవతల ఆకు కదిలినా పసిగడతావే. నువ్వెలా చిక్కావయ్యా?”

“కుడివైపు నుంచి వచ్చాడు.” కొమ్మయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. “ఎడమవైపు నుంచి వస్తే కొమ్ములతో లేపేవాణ్ణే. నా కుడికన్ను పోయి ఏడాదైంది. నా పెళ్ళానికి తెలియదు, నా గుంపుకి తెలియదు. తెలిస్తే పెద్దరికం పోతుందని దాచుకున్నాను. నీ ఒక్కదానికే చెప్పాను.”

ఈరమ్మ దొన్నె కింద పెట్టింది. “నేనెవరికీ చెప్పలేదు కొమ్మయ్యా.”

“నువ్వు చెప్పలేదు. రాయించావు.”

 ఈరమ్మ తల వంచుకుని పసరు పిండుతూ ఉంది.

“కట్టు కట్టు, వద్దనను. ఆకు మీద మాత్రం ఎక్కించకు” అన్నాడు కొమ్మయ్య.

వైద్యశాలకు తిరిగొస్తుంటే ఈరమ్మకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మనుబోతు మూలశంక, నెమలి గజ్జి, కొండగొర్రె కోడలి కాన్పులు. తాను పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు చెవుల్లో గింగురుమంది. పాత రోగుల గుట్టు అంత తేలిగ్గా తన ముందు పారబోసినవాడు, తన రోగుల గుట్టు ఎక్కడ పారబోస్తున్నాడో అడగాలా? దొంగ చేతికి తాళాలిచ్చింది తనే.

గుమ్మంలో జంబయ్య ఎదురొచ్చాడు. “కొమ్మయ్యకు దెబ్బ తగిలిందట కదా తల్లీ? ఎక్కడ తగిలింది? ఇప్పుడెక్కడ పడుకున్నాడు? ఆకు తీయనా?”

ఈరమ్మ గోళ్ళు బయటికొచ్చాయి. ఒక్క దెబ్బ చాలు. కానీ వీడు చచ్చి ఊరుకుంటే సరిపోదు, ఇంకెవరెవరి సంగతులు బయటికి పోయాయో లోయకు తెలియాలి. గోళ్ళు లోపలికి లాక్కుంది. “తర్వాత రాద్దువులే” అని, వేరు తవ్వుకొస్తానన్న వంకతో గంగులు బొరియకు పోయింది.

గంగులు అంతా విన్నాడు. కొమ్మయ్య కన్ను సంగతి మాత్రం ఆమె చెప్పబోతుంటే, “అది వద్దక్కా” అని ఆపేశాడు. ఈరమ్మకు ఏడుపు వచ్చినంత పనైంది.

“నిలదీస్తే వాడు ఒప్పుకోడు గంగులూ. ఏం చేయను?”

“ఏ కుండ కారుతోందో తెలియాలంటే నీళ్ళు పోసి చూడాలి” అన్నాడు గంగులు.

మర్నాడు పొద్దున్నే ఈరమ్మ కొత్త ఆకు తీయమంది. “రాసుకో జంబయ్యా. పొరుగు లోయ నుంచి వచ్చిన జింక. నెలలు నిండాయి. నడవలేకపోతోంది.”

గంటం ఆకు మీద కరకరలాడింది. “పాపం. ఎక్కడుంది తల్లీ?”

“రాళ్ళవాగు మలుపులో, ఈతపొదల వెనక.”

“తోడు?”

“ఎవరూ లేరు.”

జంబయ్య తల ఎత్తకుండానే అడిగాడు. “ఏ పక్కకు తల పెట్టి పడుకుంటుంది?”

 ఈరమ్మ గొంతు మారనివ్వలేదు. “గట్టు వైపు.”

ఆ సాయంత్రం ఆమె బండ మీదికెక్కి, కిందికి చూస్తూ కూర్చుంది. ఈతపొదల వెనక జింక లేదు. అడవిదున్న బసవయ్య, కొమ్ములు వంచి ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. ఎండ పసుపుపచ్చబడింది. రాదేమో, తాను పొరబడ్డానేమో, పాపం జంబయ్యకు ఏ పాపమూ తెలియదేమో అనిపించింది ఒక క్షణం. సరిగ్గా అప్పుడే వాగు ఇసుకలో మచ్చలు కదిలాయి. చిరుత గట్టు వైపు నుంచి కాదు, గట్టు ఎదుటి వైపు నుంచి, తల కనబడని వైపు నుంచి పాక్కుంటూ వచ్చి ఎగిరింది.

బసవయ్య కొమ్ము దాని భుజంలో దిగింది. విసురుకు చిరుత గాలిలోకి లేచి, బండకు కొట్టుకుని, ముందుకాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి దూరి పారిపోయింది.

తెల్లవారాక ఈరమ్మ లోయ పెద్దలందర్నీ పిలిచింది. మెడకు కట్టుతో కొమ్మయ్య, బసవయ్య, దుప్పి చుక్కమ్మ, అడవిపందులు, అందరూ గుహ ముందు నిలబడ్డారు. గంగులు ఒక మూల కూర్చున్నాడు. జరిగింది చెప్పి, “నా ఆకులో మాట చిరుత చెవికి ఎలా చేరింది జంబయ్యా?” అని అడిగింది.

“అదేం మాట తల్లీ!” జంబయ్య కళ్ళు నీళ్ళతో నిండాయి. “రాళ్ళవాగు నా సొత్తా? చిరుత ఎటు పోతుందో నాకు చెప్పి పోతుందా? బసవయ్యన్నా, నువ్వు చూసింది చిరుతనా, నన్నా?”

“చిరుతనే” అని ఒప్పుకున్నాడు బసవయ్య.

“చూశారా! ఎండనక వాననక మీ ఆకులు మోశాను. చివరికి నాకు దక్కింది ఇదా?”

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సాక్ష్యం లేదు. నిజమే కదా అని అడవిపంది గొణిగింది. 

అంతలో వెనక నిలబడ్డ జింకలు కకావికలై పరుగెత్తాయి. కాలిబాట మీద చిరుత వస్తోంది. మూడు కాళ్ళ మీద కుంటుతూ, భుజం మీద ఈగలు ముసురుతుంటే, ఎవరి వైపూ చూడకుండా వచ్చి ఈరమ్మ ముందు కూలబడింది.

“వైద్యం చేస్తావా, చేయవా?”

ఈరమ్మ ఆ గాయాన్ని చూసింది. తర్వాత నక్కను చూసింది. “ఈ గుమ్మం లోపల అందరూ రోగులే. చేస్తాను. ఊఁ, జంబయ్యా, ఆకు తీయి! ఏ కాలు, దెబ్బ ఎంత లోతు, ఎన్నాళ్ళు లేవలేడు, ఎక్కడ పడుకుంటాడు, వివరంగా రాసుకో.”

“వీడా!” చిరుత గర్జనకు గుహ పైకప్పు నుంచి మట్టి రాలింది. “వీడు రాస్తాడా? వీడి ఆకులో పడితే పొద్దుగూకేలోపు నేను పడుకున్న చోటికి తోడేళ్ళ గుంపు వస్తుంది! నాకు కుందేలు బొరియ చూపించింది వీడు! కణుజు మీదికి ఏ వైపు నుంచి దూకాలో చెప్పింది వీడు! ఎంగిలి ఎముకల కోసం నిన్ను అమ్మినవాడు, నన్ను అమ్మడా?”

 అందరి కళ్ళూ జంబయ్య మీదే ఉన్నాయి. వాడికి కనబడుతున్నది ఒక్కటే సందు, కొమ్మయ్య కాళ్ళ మధ్య. దూరాడు. కొమ్మయ్య ముందుకాలి డెక్క వాడి డొక్కలో దిగబడింది. కుయ్యోమంటూ కొండెక్కిన నక్క ఆ లోయలో మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఈరమ్మ పెద్దల ముందు చేతులు జోడించింది. “రాసినవాడి తప్పు కంటే వాణ్ణి పెట్టిన నా తప్పు పెద్దది. కుందేలు పోయింది, జింకపిల్ల పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.” ఎవరూ ఫరవాలేదనలేదు. ఆమె కూడా అనిపించుకోవాలనుకోలేదు. గంగులు దగ్గరికి వెళ్ళి గంటం అతని చేతిలో పెట్టింది.

చిరుతకు కట్టు కట్టారు. గంగులు ఆకు రాశాడు. జబ్బు, మందు. అంతే. మిగతా జాగా ఖాళీగా వదిలేశాడు.

మర్నాడు కొమ్మయ్య, బసవయ్య కలిసి వచ్చారు. చుక్కమ్మ వాళ్ళ వెనక నిలబడింది.

“గంగులూ, వాడు ఎన్నాళ్ళకు లేస్తాడు? ఎక్కడ పడుకుంటున్నాడు? ఒక్క మాట చెప్పు చాలు, లోయకు పీడ వదిలిస్తాం” అన్నాడు బసవయ్య.

“చెప్పను.”

“వాడు మన పిల్లల్ని తిన్నవాడు!”

“తెలుసు. అయినా చెప్పను.”

బసవయ్య డెక్కతో నేల తవ్వాడు. గంగులు ఆకుల కట్ట మీదికెక్కి ముళ్ళన్నీ విప్పాడు. కొమ్మయ్య ఈరమ్మ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. నా మెడ చూసి చెప్పు.”

ఈరమ్మ కొమ్మయ్య మెడ చూసింది. కుందేలు గుర్తొచ్చింది, దాని చెవులు గుర్తొచ్చాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇద్దరు అడిగారు, ఇద్దరికీ హక్కుంది. కానీ ఇవాళ హక్కున్నవాడికి చెబితే, రేపు ఎవడికి హక్కుందో తేల్చేది ఎవరు? మాటను మింగేసింది. అంత చేదు మందు ఆమె ఎప్పుడూ మింగలేదు.

“నేనూ చెప్పను కొమ్మయ్యా.”

వాళ్ళు వెళ్ళిపోయారు. మూడు రోజులు వైద్యశాల మెట్టు ఎవరూ తొక్కలేదు. ఈరమ్మ వేళ్ళు ఎండబెట్టింది, ఎండిన వేళ్ళు దంచింది, దంచిన పొడి జల్లించింది. గంగులు ఖాళీ ఆకుల ముందు అలాగే కూర్చున్నాడు. చిరుత మాత్రం కాలు నేలన ఆనగానే, ఈ లోయలో దున్నలు మేలుకునే ఉంటాయని గ్రహించి, కొండ దాటి పోయింది.

నాలుగోనాడు చుక్కమ్మ ఒంటరిగా వచ్చింది. గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఈరమ్మ చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, నెల రోజులుగా ఎవరికీ చెప్పుకోని తన బాధేదో చెప్పుకుంది. చెప్పి, గంగులు వైపు తిరిగి, “రాసుకో అన్నా” అంది.

నీతి: పగవాడి గుట్టు కూడా దాచగలిగినవాడి దగ్గరే మనవాళ్ళు గుట్టు విప్పుతారు.