గంగవాడ బడిలో ఆగిపోయిన పాట

సముద్రం ఒడ్డున ఉన్న గంగవాడ హైస్కూలులో అప్పలనరసయ్య అనే హెడ్మాస్టరు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, ఎవరేమంటారోనన్న భయం ఆయనను ఎప్పుడూ వెంటాడుతూ ఉండేది.

ఆ బడికి చుట్టుపక్కల మంచి పేరు ఉండేది. ఏటా వార్షికోత్సవం నాడు పిల్లలు ఒక సంగీత నాటకం ఆడేవారు. పాటలు వాళ్ళే పాడేవారు. హార్మోనియం, డోలక్ వాళ్ళే వాయించేవారు. పక్క ఊళ్ళ జనం కూడా చాపలు చంకన పెట్టుకుని వచ్చి ముందే చోటు చూసుకునేవారు.

అప్పలనరసయ్య ఆ బడికి వచ్చిన మొదటి ఏడు పిల్లలు ఒక రాజు కథ ఆడారు. అందులో రాజు తిండిపోతు. అది తనను చూసి రాసిందేనని ఊళ్ళో ఒక పెద్దమనిషి పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. అప్పలనరసయ్య పట్నం వెళ్ళి, వయసులో తనకన్నా చిన్నవాడైన అధికారి ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకున్నాడు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఆ అవమానం ఆయన మనసులో ఉండిపోయింది.

అప్పటినుంచి ఏ నాటకమైనా ముందు తన బల్ల మీదికి రావాలన్నాడు. రాజుల కథలు వద్దన్నాడు. ప్రేమ పాటలు వద్దన్నాడు. ఎవరికి కోపం వస్తుందోనని దేవుళ్ళ కథలూ వద్దన్నాడు. తాగుబోతు పాత్ర ఉంటే కొట్టేశాడు. చివరికి చెట్లు నాటడం, చేతులు కడుక్కోవడం మిగిలాయి. పిల్లలు అవే ఆడారు. జనం సగంలోనే చాపలు చుట్టుకుని వెళ్ళిపోసాగారు.

ఆ బడిలోనే తొమ్మిదో తరగతిలో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న అంతకు ముందు ఏడు చేపల వేటకు వెళ్ళి తుఫానులో చిక్కుకున్నాడు. పడవా దొరకలేదు, మనుషులూ దొరకలేదు. ఊరంతా ఆశ వదులుకుంది. నూకరత్నం తల్లి పైడమ్మ మాత్రం వదులుకోలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఆయన వస్తాడని రోజూ రాత్రి గుమ్మంలో దీపం పెట్టేది. ఇంట్లో ఎవరూ ఏడవకూడదు, ఆయన లేనట్టు మాట్లాడకూడదు. అందుకని నూకరత్నం నాన్న మీది బెంగ ఎవరికీ చెప్పుకోలేదు. తల్లికి అసలే చెప్పలేదు.

బళ్ళో సంగీతం నేర్పే హైమావతి టీచరు ఆ ఏడు పిల్లలతో ఇలా అంది:

"ఎవరో రాసిన నాటకం ఎందుకు? మీకు తెలిసిన కథే పాటలుగా కట్టండి."

పిల్లలకు తెలిసిన కథ ఒక్కటే. వేటకు వెళ్ళిన పడవ ఒకటి తిరిగి రాదు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎదురు చూస్తారు. ఆ కథనే వాళ్ళు నాటకంగా కట్టారు. అందులో కూతురి పాత్రకు ఒక పాట కావలసివచ్చింది. ఆ పాట నూకరత్నం కట్టింది.

"పొద్దు వాలె, పడవలన్నీ ఒడ్డు చేరె నాయనా
నీ జాడేదని తడి ఇసుక నన్నడిగె నాయనా"

సాయంత్రాలు బడి వదిలాక ఆ పాట సాధన చేస్తుంటే, చేపల గంపలతో ఇళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు గోడ అవతల ఆగిపోయేవారు. పాట అయ్యేదాకా గంపలు దించకుండా నిలబడేవారు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయేవారు.

నాటకం అప్పలనరసయ్య బల్ల మీదికి వెళ్ళింది. ఆయన అంతా చదివాడు. చదువుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు కూడా. కాని చివరికి కాగితాలు పక్కకు తోసి హైమావతినీ నూకరత్నాన్నీ పిలిపించాడు.

"బాగుంది టీచరుగారూ. కాని ఇది వద్దు," అన్నాడు.

"ఎందుకండీ?" అంది హైమావతి.

"ఈసారి ముఖ్య అతిథి ఎవరు? సింహాద్రి గారు. ఆ పోయిన పడవ ఎవరిది? ఆయనదే. ఆయనను వేదిక మీద కూర్చోబెట్టి ఎదురుగా ఇది ఆడితే, దెప్పడానికే పిలిచారనుకోడూ? పైగా పండగలాంటి రోజున ఏడుపు పాటలు ఏమిటని నలుగురూ అంటారు."

నూకరత్నం తలెత్తి అడిగింది:

"మేస్టారూ, పాటలో అబద్ధం ఏమైనా ఉందాండీ?"

"అబద్ధం ఉందని కాదమ్మా. వింటే జనం బాధపడతారు."

"బాధ ముందే ఉందండి. మేం తెచ్చింది కాదండి."

అప్పలనరసయ్య కాగితాలు మడిచి టీచరు చేతికిచ్చాడు. "చెట్ల నాటకం వేయండి. అది ఎవరికీ ఇబ్బంది లేనిది," అన్నాడు. నూకరత్నం బయటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గోడ అవతల ఆడవాళ్ళు గంపలతో నిలబడి చూశారు. లోపల పాట వినిపించలేదు. కొంతసేపు చూసి వెళ్ళిపోయారు.

వార్షికోత్సవం వచ్చింది. ఎన్నడూ లేనంతమంది ఆడవాళ్ళు వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. నాటకం మార్చిన సంగతి వాళ్ళకు తెలియదు. నూకరత్నం ఒంటినిండా ఆకుపచ్చ కాగితాలు అంటించుకుని వేదిక పక్కన నిలబడింది. ఆమెది చెట్టు వేషం. అక్కడినుంచి జనాన్ని చూస్తూ చూస్తూ ఒక్కసారి ఉలిక్కిపడింది. ఆడవాళ్ళ మధ్యలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. నాన్న పోయినప్పటినుంచి పైడమ్మ పెళ్ళికీ పేరంటానికీ దేనికీ వెళ్ళలేదు. నలుగురిలో కూర్చోవడం అదే మొదటిసారి.

నూకరత్నం కాగితాలు రాలిపోతున్నా చూసుకోకుండా అప్పలనరసయ్య దగ్గరికి పరుగెత్తింది.

"మేస్టారూ, మా అమ్మ వచ్చిందండి. నాటకం వద్దండి, ఆ ఒక్క పాట పాడనివ్వండి. రెండు నిమిషాలండి."

అప్పలనరసయ్య వేదిక వైపు చూశాడు. సింహాద్రి మెడలో దండతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన మొహం గంభీరంగా ఉంది. అప్పలనరసయ్య చూపు మరల్చుకున్నాడు.

"ఇప్పుడు కాదమ్మా. తర్వాత చూద్దాంలే," అన్నాడు.

చెట్ల నాటకం మొదలైంది. నూకరత్నం చేతులు చాచి చెట్టులా నిలబడింది. అందరూ కలిసి పాడే పాటలో ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. పైడమ్మ చివరిదాకా కదలకుండా చూసింది. తెర దించాక పక్కనున్న ఆవిడతో, "ఇదేనా?" అని అడిగింది. ఆవిడ కాదన్నట్టు తల ఊపింది. పైడమ్మ లేచి, చీర కుచ్చిళ్ళకంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయింది.

సభ అయ్యాక సింహాద్రి అప్పలనరసయ్యను పక్కకు పిలిచాడు.

"మేస్టారూ, పడవ నాటకం ఏదో ఉందన్నారు. వేయలేదేం?"

అప్పలనరసయ్య తడబడ్డాడు. "మీరు నొచ్చుకుంటారేమోనని... నేనే వద్దన్నానండి."

సింహాద్రి మెడలో దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"ఆ పడవలో మా తమ్ముడు కూడా ఉన్నాడండి. పడవ నాది కాబట్టి మా ఇంట్లో ఎవరూ వాడి మాట నా ముందు ఎత్తరు. నేను ఎవరి ముందూ ఎత్తలేను. ఆ పాట గురించి మా ఆవిడ చెబితే, దాని కోసమే వచ్చాను. సభలంటే నాకు పడదు."

అప్పలనరసయ్య ఆ మాటలకు తల దించుకున్నాడు. తాను ఎవరి కోసం పాట ఆపాడో, అతనే ఆ పాట కోసం వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన నూకరత్నం ఇంటికి వెళ్ళాడు. పైడమ్మ అరుగు మీద పీట వేసింది. ఆయన కూర్చోలేదు.

"తప్పు నాదమ్మా. వచ్చే వారమే ఆ నాటకం వేయిస్తాను. మీరు తప్పకుండా రావాలి," అన్నాడు.

పైడమ్మ నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"మా పిల్ల ఏదో పాట కట్టిందని గోడ కాడ విన్నోళ్ళు చెప్పారు బాబూ. నా ముందు ఎప్పుడూ పాడలేదు. నాకు బయపడి పాడలేదు. ఇంట్లో ఒక్కదాన్నీ ఇనలేను గాని, అందరి మద్దినా కూకుంటే ఇనగలనేమో అనుకున్నాను. అందరితోపాటు నేనూ ఏడిస్తే ఏడుద్దును. అంత దైర్నం నాకు మళ్ళీ రాదు బాబూ. రాత్రి ఇంటికొచ్చీసి మళ్ళీ దీపం ఎట్టీసినాను, ఆయనొస్తాడని."

అప్పలనరసయ్య నూకరత్నం వైపు చూశాడు. "నువ్వైనా పాడమ్మా. ఊరంతా వింటుంది," అన్నాడు.

"అమ్మ రాకపోతే నేనెవరికి పాడాలండి?" అంది నూకరత్నం.

వేసవి సెలవులు ఇవ్వగానే పైడమ్మ తమ్ముడు వచ్చి తల్లీకూతుళ్ళను గుజరాత్‌కు తీసుకుపోయాడు. అక్కడ రేవులో రొయ్యలు ఒలిచే పని దొరికింది. గంగవాడలో వాళ్ళ ఇంటి తలుపుకు తాళం పడింది.

తర్వాతి ఏడు వార్షికోత్సవానికి అప్పలనరసయ్య పడవ నాటకమే వేయమన్నాడు. కూతురి పాట నూకరత్నం స్నేహితురాలు నేర్చుకుంది. చక్కగా పాడింది. సింహాద్రి ఈసారి వేదిక ఎక్కకుండా జనంలో కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఇంట్లో ఆ రాత్రి తమ్ముడి పేరు మళ్ళీ వినిపించింది. పండగపూట ఏడుపులేమిటని ఒకాయన ఫిర్యాదు చేయనే చేశాడు. అప్పలనరసయ్య పట్నం వెళ్ళి, "అవునండీ, నేనే వేయించాను," అని చెప్పి వచ్చాడు. అది ఆయన భయపడినంత కష్టమేమీ కాలేదు.

ఆ వార్షికోత్సవం రాత్రి పాట మొదలైనప్పుడు ఆయన మరొక పని కూడా చేశాడు. ముందే సంపాదించిన పైడమ్మ తమ్ముడి నంబరుకు ఫోను చేసి, నూకరత్నానికి ఇమ్మని, తన ఫోనును వేదిక వైపు పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు. పాట అయ్యాక ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల యంత్రాల రొద, ఆడవాళ్ళ మాటలు వినిపించాయి.

"నూకరత్నం, విన్నావా అమ్మా?"

"విన్నానండి. బాగా పాడిందండి."

"మీ అమ్మ?"

నూకరత్నం గొంతు తగ్గించింది.

"పక్కనే ఉందండి. చెవి దగ్గర పెట్టబోతే చెయ్యి తోసేసిందండి. రొయ్యలు ఒలుచుకుంటోందండి."

అప్పలనరసయ్య ఫోను జేబులో పెట్టుకుని, చప్పట్లు ఆగిపోయి జనం లేచి వెళ్ళేదాకా అక్కడే నిలబడిపోయాడు.

నీతి: ఎవరో ఏదో అంటారన్న భయంతో పిల్లల గొంతు నొక్కకూడదు, ఒక పాట చేరవలసిన మనసుకు చేరే ఘడియ దాటిపోతే, ఆ తర్వాత మనం ఇచ్చే అనుమతి ఆ ఘడియను తిరిగి తేలేదు.