జెండా కుట్టిందెవరు?

రెండు ప్రపంచ యుద్ధాల నడిమి రోజుల్లో, గోనెసంచుల మిల్లు ఉన్న ఒక ఊరి బజారులో గవరయ్య అనే దర్జీ ఉండేవాడు. పనిలో నేర్పరే కానీ, చిన్న మాట తనమీదికి వచ్చినా పక్కవాడి మీదికి నెట్టేసేవాడు. అదే అరుగు మీద సింహాద్రి అనే మరో దర్జీ మిషను పెట్టుకుని కుట్టేవాడు. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే చుట్ట పంచుకుని కాల్చినవాళ్లు.

ఆ ఏడు మిల్లు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. తమ సంఘానికి ఎర్రజెండా కావాలని అడిగితే గవరయ్య కుట్టి ఇచ్చాడు. ఇంతలో ఊళ్లో పుకారు లేచింది. "కమ్యూనిస్టులు గుళ్లు కూలుస్తారట, ఇళ్లు దోస్తారట" అని ఒకరి చెవిలో ఒకరు ఊదారు. చూసినవాడు ఒక్కడూ లేడు. నమ్మనివాడూ లేడు.

ఒక మధ్యాహ్నం వందమంది కర్రలతో వచ్చి సంఘం పాకకు నిప్పు పెట్టారు. జెండా పీక్కుని బజారులోకి వచ్చారు.

"ఈ గుడ్డ కుట్టింది ఎవడ్రా?" అని ముందున్నవాడు అరిచాడు.

గవరయ్య వేలు సింహాద్రి వైపు లేచింది.

"నేను కాదు బాబూ, వాడు!" అన్నాడు.

సింహాద్రి తలెత్తి గవరయ్య మొహంలోకి చూశాడు. కాదని అనలేదు. గుంపు అతన్ని అరుగు మీంచి ఈడ్చింది. మిషను బద్దలుకొట్టి, అతని కుడిచెయ్యి విరగ్గొట్టి పోయింది.

వారం తరువాత గవరయ్య ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన కూలబడి ఏడ్చాడు.

"కుట్టింది నేనని ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాడు.

"చెబితే నిన్ను చంపేసేవాళ్లు. నీకు నలుగురు పిల్లలు" అన్నాడు సింహాద్రి. గోడవైపు తిరిగి, "ఇంక నా పక్కన కూర్చోకు గవరయ్యా" అన్నాడు.

గవరయ్య తిన్నగా బజారుకు వచ్చి, "జెండా కుట్టింది నేను! సింహాద్రి ఏ పాపం ఎరగడు!" అని గొంతు చించుకుని అరిచాడు.

ఆనాడు కర్ర పట్టినవాడొకడు వంకాయలు బేరమాడుతున్నాడు. "ఇప్పుడెందుకయ్యా ఆ గొడవ?" అని విసుక్కున్నాడు. మిగిలినవాళ్లు తల కూడా తిప్పలేదు. సింహాద్రి మాత్రం మళ్లీ సూది పట్టలేకపోయాడు.

నీతి: గుంపుకు భయపడి అమాయకుణ్ణి వేలెత్తి చూపినవాడు, కర్ర పట్టకపోయినా కొట్టినవాడే, ఆపద దాటాక చెప్పిన నిజం ఎవరినీ కాపాడదు.