పైడి నాలుక మీద ఉప్పు

మధ్యాహ్నం వాలింది. ఎండ పలచబడింది. ఉప్పు మళ్ళ మీద గాలి కదలడం లేదు.

అలాంటి పూట మొదలైంది ఈ కథ. ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు. రాజులున్న కాలం, సముద్రానికి జనం భయపడే కాలం. ఆ సముద్రం ఒడ్డున లవణపురి అనే రాజ్యం ఉండేది.

లవణపురిలో అందరిదీ ఉప్పు పనే. మళ్ళలోకి నీళ్ళు పెట్టడం, ఎండనివ్వడం, గోకి కుప్ప పోయడం, మబ్బు పడితే పరుగెత్తి తాటాకులు కప్పడం.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. చాటింపు వేసే మనిషి తప్పెట కొట్టే ముందు, అందరి ఎదుటా చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకోవాలి. వేసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "దాటండి" అంటే జనం సముద్రపు పాయ దాటేవారు. "దాటకండి" అంటే ఆగేవారు. అంతే.

తరవాత రత్నవర్మ అనే రాజు వచ్చాడు. మంచివాడే. కాని పేరంటే ఆయనకు ప్రాణం. ఆ పేరు కోసమే వాగ్విద్యాలయం కట్టించాడు. "రాజు మాట జనానికి, జనం మాట రాజుకు" అని వాకిలి మీద చెక్కించాడు. లోపల మాత్రం మొదటి సగమే నేర్పేవారు.

అక్కడి ఆచార్యుడి పేరు మధురవాచకుడు. "ఉప్పు గొంతును పాడుచేస్తుంది" అని ఆయన ఆ ఆచారం మాన్పించాడు. శిష్యుల నాలుక మీద తేనెచుక్క వేయించాడు.

ఆ విద్యాలయంలో పైడి అనే అమ్మాయి చదువుకునేది. తల్లి నూకమ్మ, తండ్రి దాలయ్య, ఇద్దరూ మళ్ళలో పనివాళ్ళు. బుల్లెమ్మ అని ఒక చిన్న చెల్లెలు. ఉప్పు మళ్ళ నుంచి ఆ వాకిలి దాటి లోపలికి వెళ్ళిన మొదటి పిల్ల పైడే.

చదువు చివర పరీక్ష ఉంటుంది. మూడు చాటింపులు వేయాలి. మూడూ రాజుకు నచ్చితే రాజవక్త పదవి. ఒక్కటి చెడినా మళ్ళీ ఉప్పు మళ్ళే.

ఆ మధ్యాహ్నం పైడికి మొదటి చాటింపు.

వానకు రాజుగారి ధాన్యపు కొట్టు కారి, జనానికి పంచాల్సిన బియ్యం తడిసిపోయాయి.

"కారిందని మాత్రం అనకు. రాజుగారి కొట్టు కారుతుందా?" అన్నాడు ఆచార్యుడు.

పైడి ఆలోచించింది. నాలుక మీద తేనె వేసుకుంది. తప్పెట కొట్టింది.

"వినండహో! ఈ ఏడు రాజుగారి బియ్యానికి తొలకరి వాసన అబ్బింది! ఎండలో ఆరబోసి, ఆ సువాసన పీల్చి, ఆ తరవాత వండుకోండహో!"

జనం నవ్వారు. చప్పట్లు కొట్టారు. బియ్యం ఆరబోసుకున్నారు. ఎవరికీ నష్టం కలగలేదు.

పక్కింటి సత్తెమ్మ ఊరుకునే మనిషి కాదు. నడుమున చెయ్యి పెట్టుకుని నూకమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏటే నూకీ! నీ కూతురి చదువు బాగుందే! రేపు నా చెప్పు తెగిపోతే, 'సత్తెమ్మ పాదానికి గాలి ఆడుతోంది' అంటుంది కామోసు!"

నూకమ్మ నవ్వింది. ఆ నవ్వులో కొంచెం గర్వం ఉంది.

రెండవ చాటింపు వచ్చింది. ఊరి మంచినీళ్ళ బావిలోకి ఉప్పునీరు ఊరింది.

"రాజుగారు తవ్వించిన బావి. చెడిందని అనకూడదు," అన్నాడు ఆచార్యుడు.

పైడి ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. అలవాటైపోయింది.

"వినండహో! మన బావి సముద్రంతో చుట్టరికం కలుపుకుందహో! కొత్త చుట్టాలకు కొంచెం సమయం ఇవ్వండహో!"

జనం మళ్ళీ నవ్వారు. సమయం ఇవ్వడమంటే ఏమిటో ఎవరూ అడగలేదు. ఆ నీళ్ళే తాగారు. సత్తెమ్మ రెండో కూతురు వాంతులతో మంచం పట్టింది. తేరుకుంది గాని చిక్కిపోయింది.

ఆ సాయంత్రం గంజి పోస్తూ నూకమ్మ అడిగింది.

"నీళ్ళు తాగొద్దని చెప్పొచ్చు కదే?"

"అలా మొరటుగా చెప్పకూడదమ్మా. రాజుగారి పేరు పోతుంది. నా పరీక్ష పోతుంది."

"సత్తెమ్మ పిల్ల..."

"తేరుకుంది కదమ్మా!"

నూకమ్మకు ఇంకో మాట అనాలని ఉంది. అప్పటికి వీధిలో అందరూ ఆమెను "పైడి వాళ్ళ అమ్మ" అని పిలుస్తున్నారు. కొత్త పిలుపు. చెవికి బాగుంది. ఆమె మాట మింగేసింది. గంజి పోసింది.

ఇక మూడవ చాటింపు.

పాయకు అవతల దీపాల తిప్ప అనే ఇసుక దిబ్బ ఉంది. ఏటా అమావాస్య సాయంత్రం జనమంతా పడవల మీద అక్కడికి వెళ్ళి దీపాలు పెట్టేవారు. రత్నవర్మ ఆ ఏడు పడవలు మాన్పించి, జనం నడిచి దాటేలా పాయకు అడ్డంగా రాతికట్ట కట్టించాడు. కట్టను చూడడానికి పొరుగు రాజ్యం నుంచి దూతలు వచ్చారు.

వేడుక నాటి ఉదయం రాళ్ళపనివాళ్ళు ఆచార్యుడి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "కట్ట నడుమ కుంగిపోయిందయ్యా. అమావాస్య పోటు వస్తే నీళ్ళు పైనుంచి పోతాయి," అన్నారు.

పైడి అక్కడే ఉంది. తన చెవులతో తానే విన్నది.

"ఆచార్యా, కుంగిందని చెప్పేద్దామండీ," అంది.

"చెప్పు. ఎవరు వద్దన్నారు? నిదానంగా దాటమను. అందంగా చెప్పు. కాని కుంగిందన్న మాట నీ నోట వచ్చిందో, దూతల ఎదుట రాజుగారి తల వంగుతుంది. నీ చదువు అక్కడితో సరి."

పైడి నాలుక మీద తేనె వేసుకుంది.

"వినండహో! ఈ సాయంత్రం సముద్రుడే రాజుగారి కట్ట మీదికి వస్తాడహో! వచ్చి మీ పాదాలు కడుగుతాడు! నిదానంగా, మురిసిపోతూ దాటండహో!"

నిదానంగా అన్నాను కదా, అర్థం చేసుకుంటారులే అనుకుంది.

ఎవరూ అలా అర్థం చేసుకోలేదు. ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళ పాదాలు ఎలా ఉంటాయో మీకు తెలియదు పిల్లలూ. పగిలి, ఒరిసి, రాత్రిళ్ళు మండుతూ ఉంటాయి. అలాంటి పాదాలు సముద్రుడు కడుగుతాడంటే ఎవరు ఆగుతారు? ఏటా వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. ఎన్నడూ వెళ్ళనివాళ్ళూ వెళ్ళారు. చెప్పులు ఒడ్డున విడిచి, పిల్లలను నడిపించుకుంటూ వెళ్ళారు.

మబ్బు పట్టింది. కుప్పలు కప్పడానికి నూకమ్మ ఉండిపోయింది. దాలయ్య బుల్లెమ్మను తీసుకుని బయలుదేరాడు. సత్తెమ్మ ఇద్దరు కూతుళ్ళతో కలిసింది.

"పద బుల్లీ! మీ అక్క చెప్పిందంటే సముద్రం సున్నిపిండి కూడా పట్టుకొస్తుంది!" అంది సత్తెమ్మ.

నూకమ్మ చివరి తాటాకు కప్పి, తల ఎత్తి పాయ వైపు చూసింది. కట్ట ఈ చివర కనిపిస్తోంది. ఆ చివర కనిపిస్తోంది. నడుమ లేదు. నీళ్ళే ఉన్నాయి. ఈవలి కట్ట మీద జనం నల్లగా కదులుతున్నారు, నీళ్ళ వైపే.

ఆమె పాయ ఒడ్డునున్న చాటింపు అరుగు దాకా పరుగెత్తింది. పైడి అక్కడ పట్టుబట్టలో నిలబడి ఉంది. ఆచార్యుడూ ఉన్నాడు, దూతలూ ఉన్నారు.

"మీ నాన్న కట్ట మీద ఉన్నాడే. బుల్లి ఉంది. నువ్వు చెప్పావని వెళ్ళారు," అంది నూకమ్మ.

పైడి ఆచార్యుడి వైపు చూసింది.

"మొరటుగా చెప్పవే," అంది తల్లి. కొంగున అంటుకున్న ఉప్పు చిటికెడు తీసి కూతురి నోట్లో పెట్టింది.

"పైడీ! పరీక్ష!" అని అరిచాడు ఆచార్యుడు.

పైడి తప్పెట అందుకుంది. అపాయం వస్తే కొట్టే దరువు ఒకటి ఉంది, ఆగకుండా ఒకే ఒక్క మోత. చాలా ఏళ్ళుగా ఎవరూ దాన్ని కొట్టలేదు. పైడి కొట్టింది.

"కట్ట కుంగిపోయింది! వెనక్కి రండి! నాకు తెలుసు! తెలిసీ చెప్పలేదు! వెనక్కి రండి!"

కట్ట మీద జనం ఆగారు. విన్నారు. నవ్వారు.

సత్తెమ్మ గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. "వెనక్కి రావడంలో కూడా ఏదో సింగారం దాచిందిరా! పదండి, పదండి!"

పైడి మళ్ళీ అరిచింది. మళ్ళీ నవ్వారు. తొలకరి వాసన అన్న నోరు అది. చుట్టరికం అన్న నోరు అది. ఆ నోటి మాటకు అర్థం ఇంకేదో ఉంటుందని జనానికి తనే అలవాటు చేసింది.

పైడి తప్పెట కింద పెట్టింది. అరుగు దూకి కట్ట మీద పరుగెత్తింది. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళి, కుంగిన చోటికి అడుగు దూరంలో దిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఇంకో అడుగు వేసింది. మెడ దాకా వచ్చాయి. తన రెండు చేతులూ పైకెత్తింది.

అప్పుడు నమ్మారు.

ఒక్కసారిగా కేకలు లేచాయి. వెనక్కి తిరిగినవాళ్ళు తిరిగారు. కొందరు అప్పటికే నీళ్ళలో ఉన్నారు. పోటు పెద్దదైంది. బుల్లెమ్మ కాళ్ళు తేలిపోయాయి. సత్తెమ్మ ఆ పిల్లను జుట్టు పట్టి లాగి, ఎత్తి, దాలయ్య చేతుల్లోకి విసిరింది. తన కూతుళ్ళను పైడి వైపు నెట్టింది. పైడి ఇద్దరినీ పట్టుకుంది. మూడో చెయ్యి లేదు.

చీకటి పడే వేళకు పోటు తీసింది. ఒడ్డున చెప్పులు ఎవరివి వాళ్ళు వెతుక్కుని తొడుక్కున్నారు. ఒక జత మిగిలిపోయింది. అందులో ఒకటి తెగి, దారంతో కట్టి ఉంది.

మర్నాడు ఆచార్యుడు పైడిని పిలిచాడు. ఆయనకు అలవాటు పోలేదు.

"రాజుగారు వస్తున్నారు. నిన్న అరిచిన అరుపులు మరిచిపోదాం. ఒక్క మంచి మాటతో సర్దుకోవచ్చు. 'సత్తెమ్మను సముద్రుడు విందుకు పిలిచాడు' అను. పదవి నీదే."

పైడి అరుగెక్కింది. ముందు వరుసలో సత్తెమ్మ కూతుళ్ళిద్దరూ నూకమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డారు. నూకమ్మ తల దించుకుని ఉంది. ఎత్తలేకపోతోంది.

పైడి తేనెగిన్నె పక్కకు జరిపింది. ఉప్పు వేసుకుంది.

"సత్తెమ్మ మునిగి చనిపోయింది," అంది. "కట్ట కుంగిందని ఉదయమే మాకు తెలుసు. పదవి పోతుందన్న భయంతో నేను చెప్పలేదు. బావి నీళ్ళు తాగవద్దనీ చెప్పలేదు. ఇది రాజుగారికి కూడా చెబుతున్నాను. మహారాజా, మీ కొట్టు కారుతోంది. మీ బావి చెడిపోయింది. మీ కట్ట కుంగిపోయింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొరుగు దూతలు నేల చూపులు చూశారు.

"ఇవన్నీ నాకెవరూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రాజు.

"మేము అందంగా చెప్పాము, మహారాజా."

రాజు అరుగు దగ్గరికి వచ్చాడు. ఉప్పు తీసి తన నాలుక మీద వేసుకున్నాడు. "తప్పు నాది," అన్నాడు. ఆ రెండు మాటలూ చెప్పడానికి ఆయనకు చాలా కష్టమైంది.

మధురవాచకుణ్ణి కొలువు నుంచి తీసేశారు. కట్ట విప్పించారు. పడవలు మళ్ళీ వచ్చాయి. రాజవక్త పదవి పైడికే ఇచ్చారు. ఆమె పట్టుబట్ట మాత్రం కట్టుకోలేదు. ఇప్పుడు "దాటకండి" అంటే ఒక్కరూ దాటడం లేదు. కాని ఆ ఒక్క మాటను మళ్ళీ జనం నమ్మడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ ఆమె సత్తెమ్మ గుమ్మం ముందు నుంచే తల వంచుకుని నడిచింది.

పిల్లలూ, పేరు నిలబెట్టే మాట వేరు, ప్రాణం నిలబెట్టే మాట వేరు. రెండూ ఒక్క నోట పట్టనప్పుడు ప్రాణం నిలబెట్టే మాటే చెప్పాలి. చెప్పాల్సినవాళ్ళు మాట మింగితే, పక్కనున్నవాళ్ళయినా మింగకూడదు.

నూకమ్మ మింగింది. అందుకే రోజూ దీపాలు పెట్టే వేళకు ఆమె గుమ్మంలో నిలబడుతుంది. ఇంటికి వచ్చినవాళ్ళను లెక్కపెడుతుంది.

దాలయ్య వచ్చాడు. బుల్లెమ్మ వచ్చింది. సత్తెమ్మ పెద్ద కూతురు వచ్చింది, చిన్న కూతురు వచ్చింది. పైడి వచ్చింది.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. సత్తెమ్మ రాలేదు.