అడిగేదాకా ఇవ్వకండి

గుంటూరులో హైమవతి అనే స్పీచ్ థెరపిస్టు ఉండేది. పిల్లలకు మాటలు నేర్పడంలో ఆమె దిట్ట, పెద్దవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే మాత్రం చెప్పేది సగంలోనే ఆపేసేది.

ఆమెను తప్పుపట్టే ముందు ఆమె రోజు ఎలా గడిచేదో కూడా చెప్పాలి. పొద్దున థెరపీ సెంటరు తలుపు తీసిన దగ్గర్నుంచి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉండేవారు. ఒకడు గోడకేసి తల కొట్టుకునేవాడు. ఒక పాప బల్ల కింద దూరి బయటికి రానని మొరాయించేది. హైమవతి నేల మీద కూర్చుని సబ్బు బుడగలు ఊదేది, ఆవులా అరిచేది, బస్సులా హారన్ కొట్టేది, "పా...లు, పా...లు" అని సాగదీసి సాగదీసి చెప్పేది. ఇంత చేశాక ఏ పిల్లాడైనా ఒక్కసారి పెదవులు కలిపితే అదే పండగ. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది, మోకాళ్ళు పట్టేసేవి. ఇంటికి వెళ్ళాక భర్త "అన్నం తిన్నావా?" అని అడిగినా తల ఊపి ఊరుకునేది. రోజంతా ఊళ్ళో పిల్లలందరికీ మాటలు పంచి, తన ఇంటికి మాత్రం ఒక్కటి కూడా మిగుల్చుకోకుండా వెళ్ళేది పాపం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలా ఉండేది కాదు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఏం చేయాలో చేసి చూపించి, ఆ తల్లి చేత చేయించి మరీ పంపేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఓపిక తగ్గుతూ వచ్చింది. చెప్పిందే చెప్పి విసుగెత్తింది. తల్లుల్లో సగం మంది బయట చెప్పులు తొడుక్కునేలోపే అంతా మర్చిపోయేవారు. ఎంత చెప్పినా బూడిదలో పోసిన పన్నీరే అనుకుంది. చివరికి ఆమె సలహాలన్నీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పే ఒక్క ముక్కకు వచ్చాయి.

పక్క గదిలో డేవిడ్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండేవాడు. పిల్లలకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, స్పూను పట్టుకోవడం, ఉయ్యాల మీద బెదరకుండా కూర్చోవడం నేర్పేవాడు. ఆయనది ఇంకో తంతు. స్పూను ఎలా పట్టించాలని అడిగితే స్పూను పుట్టిన నాటి నుంచి ఎత్తుకునేవాడు. తల్లులు ఆవలింతలు ఆపుకుంటూ వినేవారు.

"హైమా, తల్లులకి కాస్త వివరంగా చెప్పరాదూ?" అన్నాడు ఒకరోజు టీ తాగుతూ.

"నా వాటా కూడా మీరే చెప్పేస్తున్నారుగా డేవిడ్ గారూ," అంది హైమవతి.

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమెకు నవ్వే ఓపిక కూడా లేదు.

ఆ వేసవిలో మీరాబీ అనే ఆమె తన కొడుకు ఖాసింను సెంటరుకు తీసుకురావడం మొదలుపెట్టింది. వాడికి నాలుగో ఏడు నడుస్తోంది, ఒక్క మాట రాదు. ఏం కావాలన్నా తల్లి పైట పట్టుకుని లాక్కెళ్ళి, ఆ వస్తువు ముందు ఆమెను నిలబెట్టేవాడు. మీరాబీ భర్త లారీ ఎక్కి వెళ్ళాడంటే ఎప్పుడు తిరిగొస్తాడో తెలిసేది కాదు. ఆమె మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయేది. మధ్యాహ్నం పని మానుకుని, రెండు ఆటోలు మారి, పిల్లాణ్ణి తీసుకుని వచ్చేది. హైమవతి ఏం చెప్పినా కళ్ళు పెద్దవి చేసుకుని వినేది, మర్చిపోతానేమోనని ఆ మాటలే పెదవులతో మళ్ళీ అనుకునేది. అలాంటి తల్లి దొరకడం ఏ థెరపిస్టుకైనా అదృష్టమే. హైమవతికి మాత్రం ఆ రోజుల్లో అదృష్టాలను గుర్తుపట్టే తీరిక లేదు.

"మేడం, ఇంటికాడ నేనేం చెయ్యాల? వీడు లాగటం తప్ప నోరు తెరవటం లేదు," అని అడిగింది మీరాబీ ఒకరోజు గుమ్మం దగ్గర.

చెప్పాల్సింది ఇది. పిల్లాడు నీళ్ళ కోసం లాగితే, వెంటనే ఇచ్చేయకుండా, గ్లాసు ఎదురుగా పట్టుకుని వాడి మొహంలోకి చూస్తూ ఒక్క క్షణం ఆగాలి. వాడు మన కళ్ళలోకి చూసినా, చెయ్యి చాపినా, చిన్న శబ్దం చేసినా చాలు. అదే వాడు అడగడం. అదీ చేయకపోతే మనమే "నీళ్ళు" అని ఒకసారి అని గ్లాసు చేతికిచ్చేయాలి. ఏం జరిగినా ఇవ్వకుండా మాత్రం ఉండకూడదు. ఆగేది మాటకు కాస్త చోటివ్వడానికే గాని, పిల్లాణ్ణి శిక్షించడానికి కాదు.

ఇదంతా హైమవతికి కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ అప్పటికే తరవాతి పాప వరండాలో గుక్కపట్టి ఏడుస్తోంది. గొంతు మండుతోంది.

"అడిగేదాకా ఇవ్వకండి," అంది. "అంతే."

"ఏదైనానా మేడం?"

"ఏదైనా."

మీరాబీ కదల్లేదు. "వాడు అడక్కపోతేనో? ఎంతసేపు ఆగాల?"

"అడిగేదాకా అని చెప్పాను కదమ్మా! మళ్ళీ మొదలుపెడతారేంటి?"

మీరాబీ మొహం చిన్నబోయింది. "తప్పయిపోయింది మేడం," అని పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ ముక్క హైమవతి అంతకుముందు చాలామంది తల్లులకు చెప్పింది. ఏ పిల్లాడికీ ఏమీ కాలేదు. ఎందుకంటే ఏ తల్లీ దాన్ని పాటించలేదు. పిల్లాడు రాగం తీయగానే "పోనీలే" అని ఇచ్చేసి, సెంటరుకు వచ్చి "చేస్తున్నామండీ" అని చెప్పేవారు. మీరాబీ అలాంటి మనిషి కాదు. చదువుకున్నావిడ, పిల్లల మంచి కోరే మనిషి చెప్పింది కాబట్టి అక్షరం పొల్లుపోకుండా చేయాలనుకుంది.

మర్నాడు ఎండ నిప్పులు చెరిగింది. తొడిమలు తీసే షెడ్డులో రేకుల కింద, ఆ ఘాటుకు పెద్దవాళ్ళ గొంతులే ఎండిపోతున్నాయి. ఇంట్లో చూసేవాళ్ళు లేక మీరాబీ ఖాసింను వెంట తెచ్చుకుంది. వాడు వచ్చి పైట పట్టుకుని నీళ్ళ సీసా వైపు లాగాడు.

"నీళ్ళు అను నాన్నా. నీ...ళ్ళు," అంది మీరాబీ.

వాడు మళ్ళీ లాగాడు. ఏడ్చాడు. నేల మీద పడి దొర్లాడు.

"నీది గుండెకాయా, బండరాయా? పిల్లోడికి గుక్కెడు నీళ్ళు పొయ్యవే!" అంది పక్కన పని చేస్తున్న నాంచారమ్మ.

"మేడం చెప్పిందక్కా. అడిగేదాకా ఇవ్వకూడదంట. అప్పుడే మాటలొస్తయ్యంట."

"వచ్చినప్పుడే వస్తయ్యిలే," అంటూ నాంచారమ్మ తన చెంబు అందుకుంది. మీరాబీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా, నీకు దణ్ణం పెడతా. చెడగొట్టమాక."

ఆ మాట అని, తల పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. మిరపకాయలు పట్టిన చేతులాయె, కళ్ళు ఇంకా మండాయి. అన్నంలో మజ్జిగ ఎక్కువ పోసి తినిపిస్తున్నాను కదా, ఏం కాదులే అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది. కొడుకు నోట "అమ్మా" అని ఒక్కసారి వినాలని ఆమె ఆశ. ఆ ఆశ కోసం ఎంత కష్టమైనా ఓర్చుకోగలననుకుంది. ఓర్చుకుంటున్నది తను ఒక్కతే కాదని ఆమెకు తట్టలేదు.

మరునాడు ఖాసిం పైట లాగలేదు. ఏడవలేదు. గోనె సంచుల పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఇవాళ దాహం వేయలేదేమో అనుకుంది మీరాబీ. మజ్జిగన్నం కలిపి పెడితే వాడు నోరు తెరవలేదు. పొద్దువాలేసరికి ఒళ్ళు కాలిపోతోంది, పెదవులు అట్టకట్టాయి, పిలిస్తే కళ్ళు తెరవడం లేదు. అప్పుడు బెదిరిపోయి సీసా వాడి నోటికి పెట్టింది. వాడు మొహం తిప్పుకున్నాడు.

నాంచారమ్మ పరుగెత్తి ఆటో పిలుచుకొచ్చింది. ఆసుపత్రిలో పిల్లాడి ఒంట్లో నీళ్ళు ఇంకిపోయాయని చెప్పి సెలైన్ పెట్టారు. "ఇంకాస్త ఆలస్యం చేసుంటే పిల్లాడు దక్కేవాడు కాదమ్మా," అన్నాడు డాక్టరు. మీరాబీ ఆ మంచం పక్కనే నేల మీద కూలబడిపోయింది.

పిల్లాడు తేరుకున్నాక మీరాబీ మళ్ళీ సెంటరుకు వచ్చింది.

"ఇన్ని రోజులు రాకపోతే ఎలాగమ్మా? నేర్పిందంతా పోతుంది," అంది హైమవతి తల ఎత్తకుండానే.

"పోయింది మేడం. నేనే పోగొట్టా," అంది మీరాబీ. "కోపం చేసుకోకండి. నేను ఆగలేకపోయా. ఆసుపత్రిలో అడక్కుండానే నీళ్ళు పట్టేశా. అప్పట్నుంచీ అడక్కుండానే ఇస్తన్నా. మళ్ళీ మొదట్నుంచీ నేర్పుతారా వీడికి?"

హైమవతి తల ఎత్తింది. ఖాసిం మణికట్టు మీద సూది గుచ్చిన చోట నల్లగా కమిలిపోయి ఉంది.

"ఆసుపత్రి ఏంటి?" అంది.

మీరాబీ జరిగిందంతా చెప్పింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉండుంటే హైమవతి ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదేమో. చావు దాకా వెళ్ళొచ్చిన పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ తల్లి తననే క్షమించమని అడుగుతుంటే హైమవతి కుర్చీలో ఉండలేకపోయింది. లేచి వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మీరాబీ, మీరేం తప్పు చేయలేదు. తప్పు నాది. నేను మీకు సగమే చెప్పాను," అంది. ఆ రోజు చెప్పకుండా మింగేసిందంతా ఇప్పుడు చెప్పింది.

మీరాబీ పిల్లాడి మణికట్టు మీది మచ్చను వేలితో నిమిరింది.

"నేను అడిగా కదా మేడం, ఎంతసేపు ఆగాల అని," అంది.

"అడిగారు."

"ఆ రెండో ముక్క అప్పుడే చెప్తే మీకేం పోయేది?"

అలసిపోయానని చెప్పబోయింది హైమవతి. పొద్దంతా మిరపకాయల మధ్య కూర్చుని, రెండు ఆటోలు మారి వచ్చిన మనిషితో ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"ఇంకో చోటికి పోదామంటే మాకు ఇంకో చోటు లేదు," అంది మీరాబీ లేస్తూ. "వస్తా. కానీ ఇక మీదట మీరు చెప్పిందల్లా గుడ్డిగా చెయ్యను. నాకు అర్థమయ్యేదాకా అడుగుతా. మీరు విసుక్కున్నా అడుగుతా."

"అడగండి," అంది హైమవతి.

పిల్లాడు బతికాడు గాని, పోయింది చిన్నది కాదు. ఖాసిం ఇప్పుడు ఎవరి పైటా లాగడం లేదు. ఇస్తే తాగుతున్నాడు, ఇవ్వకపోతే ఊరుకుంటున్నాడు. పిల్లలు మాట కంటే ముందు అడగడం నేర్చుకుంటారు. అడిగితే దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే అడుగుతారు. హైమవతి పని ఆ నమ్మకం మీద మాట నిలబెట్టడం. తనేమో ఆ నమ్మకాన్నే విరగ్గొట్టి పెట్టింది. ఆ సంగతి డేవిడ్‌కు చెబుతూ హైమవతి ఏడ్చేసింది. ఆయన పెద్ద ఉపన్యాసం మొదలుపెడతాడనుకుంది. ఆయన గ్లాసులోని టీ చల్లారిపోయేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"వాడు మళ్ళీ నమ్మేదాకా మాట సంగతి మర్చిపో హైమా," అని మాత్రం అన్నాడు.

ఆ రోజు నుంచి హైమవతి ఖాసింను "అను" అని అడగడం మానేసింది. వాడు ఏ వస్తువు వైపు కన్ను తిప్పినా దాన్ని చేతికిచ్చేది, ఇస్తూ దాని పేరు మెల్లగా చెప్పేది. బయటికి వెళ్ళే ప్రతి తల్లినీ కూర్చోబెట్టి చెప్పేది, చెప్పింది ఆమె చేత చేయించి చూసేది. వరండాలో పిల్లలు ఏడ్చేవారు, తండ్రులు గడియారాలు చూసుకుంటూ గొణిగేవారు. పని ముందుకంటే ఎక్కువైంది. గొంతు సాయంత్రం దాకా కూడా ఉండటం లేదు. అలసట ఏమీ తగ్గలేదు, పెరిగింది. మీరాబీ అన్నమాట ప్రకారం ప్రతిదీ అడిగేది. హైమవతికి కొన్నిసార్లు విసుగు వచ్చేది, అయినా జవాబు చెప్పేది.

ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం హైమవతి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. అంతలో ఎవరో తన పైట పట్టుకున్నట్టనిపించి కళ్ళు తెరిచింది. ఖాసిం. వాడు మెల్లగా లాగాడు. లాగి ఆగాడు, ఇస్తుందో లేదో అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. తరవాత ఇంకాస్త గట్టిగా, నీళ్ళ సీసా వైపు లాగాడు.

హైమవతి ఒక్క ఉదుటున లేచింది. ముందు గ్లాసు నింపి వాడి చేతికిచ్చింది. ఆ తరవాతే "నీళ్ళు" అంది. వాడు గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. మూల కూర్చున్న మీరాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"మేడం, ఇక వీడికి మాటలొస్తయ్యా?" అని అడిగింది.

"ఎప్పుడొస్తాయో నేను చెప్పలేను మీరాబీ. అడగడం మాత్రం మళ్ళీ వచ్చింది," అంది హైమవతి. "కూర్చోండి, ఇంటికాడ ఏం చేయాలో అంతా చెప్తాను."

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, అలసిపోవడం తప్పు కాదు గాని, మనల్ని నమ్మి వచ్చినవాళ్ళను సగం మాటతో పంపేయడం తప్పు. నమ్మనివాళ్ళు ఆ సగాన్ని దారిలోనే పారేస్తారు, నమ్మినవాళ్ళే దానికి బలైపోతారు.