పోసవ్వ వెండి

వాయిదాలు వేయడంలో ఓదెలును మించిన పనివాడు ఆ వీధిలో లేడు. నిన్న గాలి ఎక్కువగా ఉందన్నాడు. మొన్న బొగ్గులు చెమ్మగిల్లాయన్నాడు. అటుమొన్న మంగళవారమట! పాతికేళ్ళ వయసు, గుబురు మీసం, వెంట్రుకంత వెండి తీగలతో పువ్వులల్లే చెయ్యి. ఇన్నీ ఉండి, నిప్పు దగ్గరకొచ్చేసరికి పిల్లిని చూసిన ఎలుకే.

కారణం లేకపోలేదు. తీగలన్నీ అమర్చాక వాటి మీద టంకం పొడి చల్లి, నిప్పుల మీద పెట్టి, గొట్టంతో ఊదాలి. పొడి కరిగి తీగల్ని అతకాలి. తీగ మాత్రం కరగకూడదు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క ఊపిరి. పోయిన నెల ఆ ఊపిరి కాస్త ఎక్కువై, నలభై రోజుల పని శనగగింజంత ముద్దైపోయింది. గురువు మౌళయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఈసారి చేతిలో ఉన్నది రావిరేక, పసిపిల్లల మొలతాడుకు కట్టే ఆకు బిళ్ళ. వెండి తెచ్చింది పోసవ్వ. కాన్పులో పోయిన కూతురి కాలి పట్టీలవి. వాటితోనే మనవరాలికి చేయాలంది. ఇవాళ పొద్దున్నే పిల్లను చంకనేసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇక గాలీ లేదు, మంగళవారమూ లేదు.

ఓదెలు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి ముక్కలు ముక్కలుగా వచ్చింది. మంట ఎగిరెగిరి పడింది. గొట్టం దించేశాడు.

"నాతోని కాదు గురువుగారూ. మీరే ఊదుండ్రి. ఇది గూడ కరిగిపోతే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

మౌళయ్య ఆ మొఖాన్ని కాసేపు తేరిపార చూశాడు, నిజంగానే ఎక్కడ పెట్టాలా అన్నట్టు.

"ఆమె పొద్దుగాలటి నుంచి ఏం తినలేదట. పోయి వంట చెయ్యి. నోట్లె పండ్లు లేవామెకు, యాదికుంచుకో."

ఉరి తప్పినవాడిలా ఓదెలు వంటింట్లోకి దూరాడు.

కట్టెలు ఓ పట్టాన అంటుకోలేదు. కూర్చుని ఊదాడు. అన్నం మెత్తగా, ఇంకాస్త మెత్తగా ఉడకనిచ్చాడు. పప్పును వేళ్ళ మధ్య నలిపి చూసి, చాలక మళ్ళీ ఎనిపాడు. పోపులోకి తుంచిన ఎండుమిరపకాయల గింజలు చిగుళ్ళకు మంటపెడతాయని ఒక్కొక్కటే ఏరి పారేశాడు.

మూకుడులో నూనె కాగుతుండగా మౌళయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పొయ్యిలోంచి నాలుగు నిప్పులు పెంకులోకి లాగి, వాటి మీద రావిరేకను పెట్టాడు. గొట్టం చేతికిచ్చాడు.

"పోపు వేగేలోపల దీన్ని గూడ చూడు."

ఓదెలు వెనక్కి జరిగాడు. "ఈడనా గురువుగారూ!"

"ఏం? నిప్పు వేరేదా?"

అరుగు మీద పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. "ఏడువకు బిడ్డా," పోసవ్వ గొంతు వినిపించింది. "మీ అమ్మ వస్తున్నది. వచ్చి నీ నడుము పట్టుకుంటది."

ఓదెలు ఆవాలు మూకుట్లో పడేసి, ఊదాడు.

వెండి నల్లబడింది. ఎర్రబడింది. చెమట కంట్లోకి కారినా రెప్ప వేయలేదు. బయట పిల్ల ఏడుస్తూనే ఉంది. ఉన్నట్టుండి తీగల వెంట నీళ్ళలా ఒక మెరుపు పాకింది. గొట్టం తీసేశాడు. ఆ ఊపులోనే మూకుడూ దించాడు.

ఆవాలు మాడలేదు. ఒక్క తీగా చెదరలేదు. చల్లార్చి, చింతపండు నీళ్ళలో కడిగితే ఆకు తెల్లగా మెరిసింది.

"ఇంక పోయి ఇచ్చిరా," అన్నాడు మౌళయ్య.

ఓదెలు కదల్లేదు. రావిరేకను తిప్పి, వెనకవైపు తన పెదవికి ఆనించి మెల్లగా జరిపాడు. మళ్ళీ జరిపాడు. ముఖం పాలిపోయింది.

"ఒక తీగ మొన గుచ్చుకుంటున్నది గురువుగారూ. పసిపిల్ల పొట్ట... చూస్కోకుంట ఇచ్చేటోణ్ణి."

ఆకురాయి అందుకుని ఆ మొనను అరగదీయసాగాడు.

"భయమైతున్నదా?"

"మస్తు భయమైతున్నది."

"మంచిది," అన్నాడు మౌళయ్య. లేచి, పోసవ్వకు అన్నం వడ్డించడానికి తనే వెళ్ళాడు.